సరిహద్దుకు అటు ఒక ప్లేటు, ఇటు ఒక ప్లేటు: శాన్ డియాగో, బాహా ఖరీదైన రెస్టారెంట్ల మధ్య తేడా ఏంటి? బిల్లులో అంత వ్యత్యాసం ఎందుకు?

ఒకటే పసిఫిక్ తీరం. ఒకటే ఎండ. వలలో పడే చేప కూడా చాలాసార్లు ఒకటే. కానీ ఆ చేప అమెరికాలోని శాన్ డియాగోలో టేబుల్ మీదికి వస్తే ఒక రేటు, గీత దాటి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో వడ్డిస్తే మరో రేటు. రెండు వైపులా మిషెలిన్ స్టార్ ఉన్న రెస్టారెంట్లే. రెండు వైపులా పేరున్న షెఫ్‌లే. మరి తేడా ఎక్కడొస్తోంది? రుచిలోనా, వంటలోనా, లేక వండేవాడి జీతంలోనా?

శాన్ డియాగో డౌన్‌టౌన్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు సరిహద్దుకు. అక్కడి శాన్ ఇసిద్రో చెక్‌పోస్టు ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే భూ సరిహద్దుల్లో ఒకటి. మెక్సికో నుంచి అమెరికా వైపు రోజూ వాహనాల్లో వచ్చేవారే సుమారు 70 వేల మంది. నడుచుకుంటూ దాటేవారు మరో 20 వేల మంది. గేటు దాటగానే తిజువానా నగరం. అక్కడి నుంచి తీరం వెంబడి వంద కిలోమీటర్ల చిల్లర దక్షిణంగా వెళ్తే ఎన్సెనాడా రేవు, దానికి దగ్గర్లోనే ద్రాక్షతోటల లోయ వాయే దె గ్వాదలూపే. మెక్సికోలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం బాహా నుంచే వస్తుంది. అందులో ఈ లోయ పేరే ముందు చెబుతారు.

స్టార్ అంటే గదులు కాదు

ముందుగా ఒక విషయం. మన దగ్గర 'స్టార్ హోటల్' అంటే గదులు, స్విమ్మింగ్ పూల్, లాబీలో షాండ్లియర్లు గుర్తొస్తాయి. మిషెలిన్ స్టార్‌కు వాటితో సంబంధం లేదు. ఫ్రాన్స్‌కు చెందిన టైర్ల కంపెనీ 1900లో కార్ల యజమానుల కోసం వేసిన గైడ్ పుస్తకం ఇది. 1926 నుంచి మంచి భోజనం దొరికే చోట్లకు స్టార్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక స్టార్ ఉంటే ఆగి తినదగ్గ చోటు. రెండుంటే దారి మళ్లి అయినా వెళ్లదగ్గది. మూడుంటే కేవలం దాని కోసమే ప్రయాణం కట్టొచ్చు. పేరు చెప్పకుండా మామూలు కస్టమర్లలా వచ్చి, తిని, బిల్లు కట్టి వెళ్లిపోయే ఇన్‌స్పెక్టర్లు దీన్ని నిర్ణయిస్తారు. చూసేది సరుకు నాణ్యత, వంట నైపుణ్యం, రుచుల పొందిక, షెఫ్ ముద్ర, ఎప్పుడు వెళ్లినా అదే స్థాయి ఉందా లేదా అన్నది. కుర్చీలు, కర్టెన్లు లెక్కలోకి రావు. 2024లో మెక్సికో సిటీలో నిలబడి తినే చిన్న టాకో కొట్టు 'ఎల్ కాలిఫా దె లియోన్'కు కూడా స్టార్ వచ్చిందంటే అందుకే.

ఇక్కడే సరిహద్దు మొదటి తేడా చూపించింది. మిషెలిన్ ఇన్‌స్పెక్టర్లు అన్ని ఊళ్లకూ తమంతట తాము రారు. చాలా చోట్ల స్థానిక టూరిజం సంస్థలు డబ్బు పెట్టి గైడ్‌ను తెచ్చుకుంటాయి. కాలిఫోర్నియా టూరిజం సంస్థ 6 లక్షల డాలర్లు ఖర్చు పెడితే, 2019లో ఆ రాష్ట్రం మొత్తానికీ గైడ్ వచ్చింది. గోడకు అవతల ఉన్న బాహాకు రావడానికి మరో ఐదేళ్లు పట్టింది. మెక్సికో తొలి గైడ్ 2024 మేలో విడుదలైంది. అంటే ఆ ఐదేళ్లూ గీతకు ఉత్తరాన ఉన్నవాళ్లకు స్టార్లు వస్తుంటే, దక్షిణాన ఎంత బాగా వండినా లెక్కపెట్టేవాడే లేడు. వంటలో తేడా లేదు, ఫీజు కట్టిన తేదీలో తేడా.

సీజర్ సలాడ్ పుట్టింది ఇటలీలో కాదు

పేరున్న భోజనం కోసం అమెరికన్లు తిజువానాకు వెళ్లడం కొత్తేమీ కాదు. ఈ కథ వందేళ్ల నాటిది. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్య నిషేధం అమల్లో ఉంది. మందు కావాలంటే గీత దాటాల్సిందే. హాలీవుడ్ తారలు, ధనవంతులు కార్లేసుకుని తిజువానాకు వరసకట్టారు. ఇటలీ నుంచి వలస వచ్చిన సీజర్ కార్దీనీ ఆ గిరాకీ చూసే అక్కడ రెస్టారెంట్ పెట్టారు. ఆయన ఇల్లు మాత్రం శాన్ డియాగోలో. వ్యాపారం అటు, కాపురం ఇటు. ఈ ప్రాంతంలో బతుకులు అప్పటికే అలా ఉండేవి.

1924 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం రోజున జనం పోటెత్తడంతో వంటగదిలో సరుకు అయిపోయిందని, మిగిలిన రొమైన్ ఆకులు, గుడ్డు, ఆలివ్ నూనె, చీజ్, ఎండిన బ్రెడ్ ముక్కలతో కస్టమర్ల ముందే ఏదో కలిపి పెట్టేశారని, అదే సీజర్ సలాడ్ అయ్యిందని చెబుతారు. ఎవరు కనిపెట్టారన్న దానిపై కుటుంబంలోనే వేర్వేరు వాదనలు ఉన్నా, తిజువానాలో పుట్టిందన్న దాంట్లో మాత్రం పెద్దగా గొడవ లేదు. ఇవాళ హైదరాబాద్ కాఫీ షాపుల్లో కూడా దొరికే ఈ సలాడ్ రోమ్ చక్రవర్తి పేరు మీద వచ్చిందని అనుకునేవాళ్లు ఎందరో. అవెనిదా రెవలుసియోన్ వీధిలోని 'సీజర్స్'లో ఇప్పటికీ వెయిటర్ బండి తోసుకొచ్చి, చెక్క గిన్నెలో మీ కళ్లముందే కలిపి ఇస్తాడు.

మద్య నిషేధం ఎత్తేశాక ఆ వెలుగు తగ్గింది. తర్వాత దశాబ్దాల్లో తిజువానా అంటే చవక మందు, అర్ధరాత్రి క్లబ్బులు అన్న పేరు స్థిరపడిపోయింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సరిహద్దులో తనిఖీలు పెరిగి క్యూలు గంటల్లోకి వెళ్లాయి. 2008 నుంచి డ్రగ్ ముఠాల కాల్పులతో తిజువానా పేరు వింటేనే అమెరికన్లు భయపడ్డారు. 2009 జూన్ నుంచి భూమార్గంలో తిరిగి రావాలన్నా అమెరికన్లకు పాస్‌పోర్టు లాంటి పత్రం తప్పనిసరైంది. మూడు దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి పడటంతో టూరిస్టుల మీద బతికిన రెస్టారెంట్లు ఖాళీ అయ్యాయి.

విచిత్రం ఏంటంటే, ఇప్పుడు అందరూ పొగుడుతున్న బాహా వంటకు బలం వచ్చింది ఆ చీకటి రోజుల్లోనే. టూరిస్టు రాకపోతే ఎవరికి వండాలి? ఊరివాళ్లకే. ఊరివాడికి సోంబ్రెరో టోపీలు, ప్లాస్టిక్ కాక్టస్‌లు చూపిస్తే నవ్వుతాడు. దాంతో షెఫ్‌లు ఎన్సెనాడా రేవు నుంచి వచ్చే చేపలు, పక్క లోయలోని ఆలివ్ నూనె, వైన్, ఇంట్లో అమ్మమ్మలు చేసే మోలే లాంటి వాటి మీద దృష్టి పెట్టారు. మధ్యధరా, ఆసియా పద్ధతులు కలిసిన దీనికి 'బాహా మెడ్' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. తిజువానాలో పాత రెస్టారెంట్ల కుటుంబం నుంచి వచ్చిన హవియేర్ ప్లాసెన్సియా 2011 జనవరిలో 'మిసియోన్ 19' తెరిచారు. అదీ నగరంలోని ఆఫీసు టవర్‌లో. దానికి ఏడాది ముందే, 2010లో ఆయన కుటుంబం మూతపడిన సీజర్స్‌ను తీసుకుని మళ్లీ నడపడం మొదలుపెట్టింది.

మూడు స్టార్ల హాలు, ఓక్ చెట్టు నీడ

ఇక అసలు పోలికకు వద్దాం. ఉత్తరాన అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది 'ఆడిసన్'. శాన్ డియాగోకు ఉత్తరంగా ఓ లగ్జరీ రిసార్ట్‌లో 2006లో మొదలైంది. షెఫ్ విలియం బ్రాడ్లీ. 2019లో ఒక స్టార్, 2021లో రెండు, 2022 డిసెంబర్‌లో మూడు. దక్షిణ కాలిఫోర్నియా మొత్తంలో మూడు స్టార్లు అందుకున్న మొదటి రెస్టారెంట్ ఇదే, లాస్ ఏంజెలెస్ కంటే ముందు. ఎత్తైన సీలింగ్, రాతి స్తంభాలు, బయట గోల్ఫ్ కోర్సు. మెనూలో ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, షెఫ్ పంపిన వరుసలో ఒక్కో వంటకం వస్తూ ఉంటుంది. జపాన్ కోషిహికారి బియ్యం మీద కేవియార్ పెట్టి ఇచ్చేది ఇక్కడ బాగా పేరు పడిన వంటకం. అన్నం మీద చేప గుడ్లు అంటే మన గోదావరి జిల్లాల వాళ్లకు పెద్ద వింతేమీ కాకపోవచ్చు కానీ, ధర మాత్రం వింతే. డ్రింక్స్, పన్ను, టిప్పు కాకుండానే మనిషికి 300 డాలర్లు దాటుతుంది. అంటే మన డబ్బుల్లో పాతిక వేల పైమాటే.

దక్షిణాన దీనికి జోడీగా చెప్పదగ్గది ప్లాసెన్సియా పెట్టిన 'అనిమలోన్'. వాయే దె గ్వాదలూపేలో దాదాపు 200 ఏళ్ల ఓక్ చెట్టు కింద టేబుళ్లు వేస్తారు. గోడలు లేవు, సీలింగ్ లేదు. చెట్టు కొమ్మలే కప్పు. 2024 మెక్సికో తొలి గైడ్‌లో బాహా కాలిఫోర్నియా రాష్ట్రానికి దక్కిన మూడు ఒక్క-స్టార్ రెస్టారెంట్లలో ఇదొకటి. మిగతా రెండు 'దమియానా', 'కొంచాస్ దె పియెద్రా'. మూడూ ఈ లోయలోనివే. రెండో దాన్ని నడిపే డ్రూ డెక్‌మన్ పుట్టుకతో అమెరికన్. ఆయన దగ్గర సముద్రపు గవ్వలు, ఆయిస్టర్లదే రాజ్యం, పక్కనే వైనరీ. చుట్టుపక్కల దొరికే వాటితోనే వండుతూ, పర్యావరణానికి హాని తగ్గించే పద్ధతులు పాటిస్తున్నందుకు స్టార్‌తో పాటు గ్రీన్ స్టార్ కూడా ఇచ్చారు. ఆ తొలి గైడ్‌లో తిజువానా నగరానికి స్టార్ రాలేదు. తక్కువ ధరకు మంచి భోజనం పెట్టే చోట్లకు ఇచ్చే బిబ్ గుర్మాండ్ గుర్తింపు మాత్రం దక్కింది. 'టాకోస్ ఎల్ ఫ్రాంక్' లాంటి టాకో కొట్టు అలా జాబితాకెక్కింది.

మరి ఏది గొప్ప? స్టార్ల లెక్కలో ఉత్తరానిదే పైచేయి. ఆడిసన్‌లో గ్లాసు పెట్టే చోటు దగ్గర్నుంచి సాస్ చిక్కదనం వరకు పొరపాటుకు తావివ్వరు. లోయలో గాలి వీస్తే నాప్‌కిన్ ఎగిరిపోతుంది, మట్టి రోడ్డు మీద కారు గుంతల్లో పడుతుంది. కానీ తిన్న ఆయిస్టర్ ఆ రాష్ట్రపు నీటిలోదే, తాగిన వైన్ ఎదురుగా కనిపించే తోటదే. ఎక్కడెక్కడి నుంచో సరుకు తెప్పించుకునే మూడు స్టార్ల వంటగది ఈ ఒక్క విషయంలో పోటీ పడలేదు. లోయకు స్టార్లు రావడంలో ఈ దగ్గరితనం పాత్రే ఎక్కువని చెప్పాలి.

బిల్లులో దాగిన జీతం

ఇప్పుడు ఖర్చు సంగతి. ఇలాంటి రెస్టారెంట్లలో సరుకు ఖరీదు కంటే మనుషుల ఖరీదే బిల్లును పెంచుతుంది. ఒక్కో ప్లేటు మీద ముగ్గురు నలుగురు చేతులు పడతాయి. ఉదయం నుంచి కూరగాయలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, గ్లాసులు తుడిచేవాళ్లు వేరు.

2025లో శాన్ డియాగో నగరంలో కనీస వేతనం గంటకు 17.25 డాలర్లు. ఎనిమిది గంటలకు 138 డాలర్లు. పైగా కాలిఫోర్నియాలో వెయిటర్‌కు వచ్చే టిప్పును చూపించి జీతం తగ్గించడానికి వీల్లేదు. టిప్పు టిప్పే, జీతం జీతమే. అదే ఏడాది మెక్సికో ఉత్తర సరిహద్దు జోన్‌లో కనీస వేతనం రోజుకు 419.88 పెసోలు. గంటకు కాదు, రోజుకు. డాలర్లలో చెప్పాలంటే అటూ ఇటూగా 22. అంటే తిజువానాలో ఒక రోజంతా చేస్తే వచ్చే కనీస కూలి, గీత దాటితే గంటన్నరలోపే వస్తుంది. పేరున్న రెస్టారెంట్లలో కనీస వేతనం కంటే ఎక్కువే ఇస్తారన్నది నిజం. అయినా రెండింటి మధ్య దూరం మాత్రం పూడదు. ఆ మాటకొస్తే సరిహద్దు జోన్ కూలే మెక్సికోలో మెరుగు. దేశంలోని మిగతా చోట్ల 2025లో అది 278.80 పెసోలే.

పన్నులోనూ మెలిక ఉంది. మెక్సికోలో మామూలుగా వ్యాట్ 16 శాతం. 2019 జనవరి నుంచి సరిహద్దు జోన్‌లో 8 శాతానికి తగ్గించారు. జనం షాపింగ్‌కు, తిండికి అమెరికా వైపు పోకుండా ఆపాలన్నది ఉద్దేశం. తిజువానా, ఎన్సెనాడా రెండూ ఆ జోన్‌లోనే ఉన్నాయి. శాన్ డియాగోలో సేల్స్ ట్యాక్స్ 7.75 శాతం. చూస్తే రెండూ ఇంచుమించు సమానమే. కాకపోతే మెక్సికోలో మెనూ మీద రాసిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, అమెరికాలో చివర్న కలుపుతారు. టిప్పు కూడా అంతే. అటు 10 నుంచి 15 శాతం ఇస్తే చాలనుకుంటారు, ఇటు 18, 20 శాతం ఇవ్వకపోతే మొహం చిట్లిస్తారు. మెనూలో రెండు రేట్లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మోసపోయేది ఇక్కడే. అమెరికా వైపు 300 అని రాసి ఉంటే చేతి నుంచి పోయేది 380 దాకా ఉంటుంది.

ఒక్క వైన్ విషయంలోనే సీన్ రివర్స్. తోట పక్కనే ఉన్నా లోయలో సీసా చవక కాదు. మెక్సికోలో వైన్ మీద వ్యాట్‌తో పాటు ఐఈపీఎస్ అనే ప్రత్యేక పన్ను ఉంది, మామూలు వైన్‌కు అది 26.5 శాతం. చాలా వైనరీలు చిన్నవి, తీసేది తక్కువ. నీళ్లు ఇంకా తక్కువ. వాన అరుదుగా పడే ఆ లోయలో భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని ద్రాక్ష రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. రెస్టారెంట్ల వెనకే హోటళ్లు, కాన్సర్టులు, రియల్ ఎస్టేట్ వచ్చాయి. తోటలు పోతే ఇక్కడికి ఎవరు తినడానికి వస్తారన్నది వాళ్ల ప్రశ్న. పేరు తెచ్చిన లోయనే ఆ పేరు మింగేసే ప్రమాదం. అమరావతి, శంషాబాద్ చుట్టుపక్కల భూముల కథ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

షెఫ్ దాటుతాడు, హెల్పర్ దాటలేడు

ఈ రెండు వైపులనూ పోటీదారులుగా చూడటం కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. ప్లాసెన్సియా 2015లో శాన్ డియాగోలో 'బ్రసేరో' అనే రెస్టారెంట్ తెరిచారు. 1942 నుంచి 1964 వరకు ఒప్పందం మీద అమెరికా పొలాలకు వెళ్లి పనిచేసిన మెక్సికన్ కూలీలను బ్రసేరోలు అంటారు. ఆ కూలీల పేరే ఖరీదైన హోటల్‌కు పెట్టారు. అమెరికాలో పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డుల్లో కొత్త రెస్టారెంట్ల ఫైనలిస్టుల్లో నిలిచింది కూడా. అయినా 2017లో మూతపడింది. రొబెర్తో అల్కొసేర్‌ది ఇంకో దారి. ద్రాక్షతోటల మధ్య 'మాల్వా' నడిపిన ఆయన, ఉత్తరాన ఓషన్‌సైడ్‌లో 'వాయే' మొదలుపెట్టారు. లోయ పేరే పెట్టి, లోయ వంటే వండి 2023లో మిషెలిన్ స్టార్ తెచ్చుకున్నారు. గమనించాల్సింది ఏంటంటే, బాహా వంటకు స్టార్ ముందుగా వచ్చింది బాహాలో కాదు, అమెరికాలో. సొంత లోయకు మరుసటి ఏడాది వచ్చింది. డెక్‌మన్ కూడా 2024లో శాన్ డియాగోలో కొత్త రెస్టారెంట్ తెరిచి గీతకు రెండు వైపులా వంట చేస్తున్నారు.

షెఫ్‌ల సంగతి సరే. మరి మామూలు మనిషి? అమెరికన్ దక్షిణానికి వెళ్లాలంటే దాదాపు ఆగకుండానే గేటు దాటొచ్చు. తిజువానా మనిషి ఉత్తరానికి రావాలంటే వీసా కావాలి, అప్లికేషన్ ఫీజే 185 డాలర్లు. పైన చెప్పిన కూలి లెక్కలో ఎనిమిది రోజుల సంపాదన. సరిహద్దు వాసులకు ఇచ్చే క్రాసింగ్ కార్డు చేతిలో ఉన్నా, కాలిఫోర్నియాలో 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటి లోపలికి వెళ్లాలంటే విడిగా ఐ-94 పర్మిట్ తీసుకోవాలి. ఓషన్‌సైడ్ ఉన్నది 80 కిలోమీటర్ల పైనే. లోయ పేరు పెట్టుకున్న ఆ రెస్టారెంట్‌లో టేబుల్ దగ్గర కూర్చోవాలంటే లోయలో పనిచేసే హెల్పర్‌కు ముందు డబ్బు, తర్వాత వీసా, ఆ తర్వాత పర్మిట్.

అక్కడి తెలుగువాళ్లు తెలుసుకోవాల్సింది

క్వాల్‌కామ్ ప్రధాన కార్యాలయం ఉన్న శాన్ డియాగోలో తెలుగు టెకీలు, స్టూడెంట్లకు కొదవలేదు. వీకెండ్‌లో లోయకు వెళ్లొద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు, 180 రోజుల వరకు ఉండొచ్చు. వెళ్లడం తేలికే. ఇబ్బంది తిరిగి రావడంలో. హెచ్-1బీ స్టాంపింగ్ గడువు అయిపోయి, ఐ-94 మాత్రమే చెల్లుబాటులో ఉన్నవాళ్లు 30 రోజుల్లోపు మెక్సికో వెళ్లి తిరిగి రావడానికి 'ఆటోమేటిక్ రీవాలిడేషన్' అనే వెసులుబాటు ఉంది. అయితే అక్కడే కొత్త వీసాకు అప్లై చేస్తే అది వర్తించదు. పైగా అమెరికా వీసా గడువు అయిపోయిందంటే మెక్సికో ఇచ్చే మినహాయింపు కూడా పోయినట్టే, ముందుగా ఆ దేశ వీసా తీసుకోవాలి. ఐ-94 తేదీ చూసుకోకుండా కారెక్కితే డిన్నర్ కాస్తా ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి దారి తీస్తుంది.

శాకాహారులైతే బుకింగ్ చేసేటప్పుడే చెప్పాలి. ఆడిసన్ లాంటి చోట్ల మెనూ వరుస ముందే ఖరారై ఉంటుంది, టేబుల్ దగ్గర కూర్చున్నాక మార్చమంటే కుదరదు. కొంచాస్ దె పియెద్రాలో అయితే మెనూ మొత్తం సముద్రానిదే, అటు వెళ్లకపోవడమే మేలు. వైన్ తాగే ప్లాన్ ఉంటే డ్రైవర్‌ను మాట్లాడుకోవడం తప్పనిసరి. లోయ నుంచి సరిహద్దు వరకు రోడ్డు చాలాదూరం, చీకటి పడితే వెలుతురు అంతంతే. వచ్చేటప్పుడు మాంసం, పండ్లు, కూరగాయల మీద ఆంక్షలుంటాయి కాబట్టి ఏం తెచ్చినా కస్టమ్స్‌కు చెప్పాల్సిందే. 21 ఏళ్లు నిండినవాళ్లు లీటరు మందు వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సీసాలో సాధారణంగా ఉండేది 750 మిల్లీలీటర్లు కనుక లెక్క ప్రకారం ఒక్క సీసాయే.

ఇక ఆదివారం సాయంత్రం శాన్ ఇసిద్రో క్యూ. ముందస్తు తనిఖీ చేయించుకున్న సెంట్రి కార్డు ఉన్నవాళ్లకు వేరే లేన్ ఉంటుంది, త్వరగా వెళ్లిపోతారు. లేనివాళ్లు రెండు మూడు గంటలకు సిద్ధపడాల్సిందే. ఆ క్యూలో కార్ల మధ్య నడుస్తూ చుర్రోలు, టామలేలు అమ్మేవాళ్లు ఉంటారు. ఓక్ చెట్టు కింద ఎన్ని కోర్సులు తిని వచ్చినా, రెండో గంటకల్లా కారు అద్దం దించి ఒక చుర్రో పొట్లం కొనేవాళ్లే ఎక్కువ.